కర్రకంటే ముందు కదిలిన చెయ్యి

నేను ఒక అట్టను. కంటి డాక్టరు గదిలో గోడకు వేలాడేదాన్ని. నా నిండా ఇంగ్లీషు E లాంటి మూడు కాళ్ళ గుర్తులుంటాయి, పైన పెద్దవి, కిందికి పోనుపోనూ చిన్నవి. కాళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు, అక్షరాలు రానివాళ్ళకు కూడా పరీక్ష అయిపోతుంది.

మద్రాసులో ఒక చిన్న ప్రెస్సులో పుట్టాను. ఓ పెద్ద డాక్టరుగారి జీపులో ఊరూరా తిరిగి, చివరికి ఆయన శిష్యుడి ఆసుపత్రికి జమ్మలమడుగు చేరాను. మనుషుల సంగతి నన్నడగండి. కనపడకపోతే లైటు బాగాలేదంటారు, నేను మాసిపోయానంటారు, వేళ్ళ సందుల్లోంచి దొంగచూపులు చూస్తారు. తన కన్ను బాగాలేదన్న మనిషిని నేను చూడలేదు.

ఒకరోజు ఓబుళమ్మ తన ఐదేళ్ళ మనవరాలు లోహితను తీసుకొచ్చింది. పాప తల పక్కకు వంచి చూస్తోందని అంగన్‌వాడీ టీచరు పట్టుబట్టిందట. ఓబుళమ్మకు అది నచ్చలేదు. ఊళ్ళో పిల్లలకు కోలాటం నేర్పేది ఆమే. తన మనవరాలికి లోపమేమిటని ఆమె కోపం. జేజినైన తన పరువు తీయకుండా అన్నీ సరిగ్గా చెప్పమని పాపకు గట్టిగా చెప్పి మరీ తెచ్చింది. తలుపు తీసే ఉంది. వాళ్ళకంటే ముందు నలుగురికి పరీక్ష జరిగింది. బయట బెంచీ మీద లోహిత కుదురుగా కూర్చుని వాళ్ళ చేతులనే చూసింది.

పరీక్ష చేసే షమీమ్ నా మీద కర్ర పెట్టి ఒక్కో గుర్తూ చూపించింది. ఎడమ కన్ను మూస్తే పాప చేత్తో అన్నీ సరిగ్గా చూపించింది. ఆ చూపు నాకు చక్కగా తగిలింది. తర్వాత ఓబుళమ్మ తన అరచేత్తో కుడి కన్ను మూసింది. పాప మళ్ళీ అన్నీ చెప్పింది, ఒక్కటీ తప్పలేదు. కానీ ఈసారి నా మీద ఏ చూపూ వాలలేదు! ఆ కన్ను నన్ను చూడడం లేదని తెలిసింది నాకొక్కదానికే. నాకా నోరు లేదు. షమీమ్ అప్పటికే చీటీ మీద బాగుందని రాయబోతోంది.

ఓబుళమ్మ మాత్రం పాప చేతినే చూస్తోంది. ముఖంలో గర్వం పోయింది.

"ఆగమ్మా" అంది. "చెయ్యి కట్టెకంటే ముందే పోతాంది. పాప చూసి చెప్పడంల్యా, కోలాటం ఆడతాంది."

షమీమ్ నన్ను మేకు నుంచి తీసి తలకిందులుగా తగిలించింది. లోహిత చెయ్యి పాత వరుసలోనే కదిలింది. అన్నిటికంటే పెద్ద గుర్తు కూడా తప్పే.

"కళ్ళు మూసినా అడుగు తప్పగూడదని నేర్పింది నేనే" అని ఓబుళమ్మ ఏడ్చేసింది.

షమీమ్ ఆమెకు మంచినీళ్ళిచ్చి, కంగారు పడొద్దని, పాపకింకా ఐదేళ్ళే కాబట్టి మంచిదైందని, మరి రెండు మూడేళ్ళు ఆలస్యమైతే ఆ కన్ను మన మాట వినేది కాదని చెప్పింది. అద్దాలు వచ్చాయి. మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేసి, మందకొడి కంటి చేత పని చేయించారు. పాప పట్టీ పీకేసినప్పుడల్లా జేజి కూడా తన కంటికొకటి అంటించుకుని కూర్చునేదట.

ఏడాదిన్నరకు మళ్ళీ వచ్చారు. కుడి కన్ను మూశారు. ఈసారి ఒక చూపు వచ్చి నన్ను తాకింది, మెల్లగా కింది వరుసల దాకా దిగింది. చెయ్యి కర్ర ఆగేదాకా ఆగి, తర్వాతే కదిలింది. ఓబుళమ్మ అప్పుడు ఊపిరి వదిలింది.

ఆసుపత్రికి వెలిగే తెర వచ్చాక నన్ను ఓబుళమ్మే అడిగి తీసుకుపోయింది. కోలాటానికి కొత్తగా చేరే ఏ పిల్లయినా ముందు నా ఎదుట నిలబడాలి. కోలు పట్టుకుని చూపించేది లోహిత. పిల్ల చెయ్యి తొందరపడితే నన్ను తిప్పి తగిలిస్తుంది. తలకిందులుగా వేలాడడంలో ఇంత గౌరవం ఉంటుందని ఆ ప్రెస్సులో నాకెవరూ చెప్పలేదు.