ఏడుపు రాని కోడలు

మా మామగారు మూడుసార్లు ఎమ్మెల్యే. అదంతా ఆయన ఉపన్యాసాల మహిమ అని మా ఊరి మగాళ్లు అనుకుంటారు. కాదు, మా అత్తగారి ఏడుపు. నియోజకవర్గంలో ఎవరు పోయినా తెల్లారేసరికి తాయారమ్మగారు ఆ గుమ్మంలో ఉండేది. ఆవిడ శోకం మొదలుపెడితే, పోయినవాడితో పదేళ్లు మాటల్లేని దాయాదులు కూడా కళ్లు తుడుచుకునేవారు.

ఆవిడ మోకాళ్లు అరిగాక ఆ పని పెద్దకోడల్ని కాబట్టి నా నెత్తిన పడింది. రాజాంలో మా నాన్నది బట్టల కొట్టు. కొట్టుకి ఎవరొచ్చినా నవ్వుతూ పలకరించాలని చిన్నప్పటి నుంచీ నేర్పారు. అందుకే శవం దగ్గరికి వెళ్లినా నా మొహం ‘రండి, కూర్చోండి’ అన్నట్టే ఉంటుంది. ఏం చెయ్యను? పద్దెనిమిదేళ్ల కాపురంలో ఏ చావింట్లోనూ నా కంట్లోంచి చుక్క రాలలేదు.

మా తోటికోడలు అనిత అలా కాదు. కుళాయి తిప్పినట్టు ఏడుస్తుంది. ఈసారి టికెట్టు మా ఆయన హరిబాబుకా, మా మరిదికా అన్నది అత్తగారే తేల్చాలి. ఆవిడ లెక్క ఒకటే. పెళ్లానికి ఏడవడం రాని కొడుక్కి ఓట్లు రాలవు.

ఆ వారమే, నౌపడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో పెద్దమనిషి పోయాడని కబురొచ్చింది. అత్తగారు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

“ఇదే ఆకరు. ఈపాలి కూడా బొమ్మలా నిలబడి వచ్చినావంటే, రేపట్నించి అనిత ఎల్తాది, టికెట్టూ ఆల్లదే. ఇనుకో. గుమ్మంలో సెప్పులు ఇప్పు. కాళ్ల మీద పడు. ‘నన్ను తల్లీ అని ఇంకెవులు పిలుత్తారు’ అను. అది ఏ ఇంట్లోనైనా సరిపోతాది.”

“ఆయన నన్నెప్పుడూ పిలవలేదు కదత్తా?”

“సచ్చినోడు లెగిసి కాదంటాడేటే?”

దారంతా సాధన చేశాను. డ్రైవరు లక్ష్ముడు అద్దంలో చూసి, “కడుపునొప్పేటమ్మా?” అన్నాడు.

పల్లెలో సందు ఇరుకు. షామియానా రెండిళ్లకీ కలిపి వేశారు. దాని కింద ఒక అరుగు మీద, తల నుంచి పాదాల దాకా తెల్లపంచె కప్పిన మనిషి. చెప్పులు విడిచి, ఒక్క పరుగున వెళ్లి ఆ కాళ్ల మీద పడ్డాను. “బాబో, నన్ను తల్లీ అని ఇంకెవులు పిలుత్తారు” అని ఎత్తుకున్నాను. గొంతు బాగానే లేచింది. కళ్లే పొడి. చుట్టూ ఆడవాళ్లు తెల్లబోయి చూశారు. పెద్దింటి మనిషి ఏడుస్తుంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? మొహమాటానికి ఇద్దరు నాతో కలిసి ఏడ్చారు కూడా.

నా చేతుల్లో కాళ్లు కదిలాయి. పంచె తొలిగింది.

“ఎవులు నువ్వు? ఏటైపోనాది?” అంది శవం.

ఆయన పేరు సూరయ్య. చావు పక్కింట్లో. రాత్రంతా శవం దగ్గర కూర్చుని, పొద్దున్నే తన అరుగు మీద ఈగలకి ముసుగేసుకుని పడుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే, చచ్చిన మనిషి లేచి కూర్చున్నాడు. “బతికే ఉన్నాడు!” అని కేకేసి, ఆయన చేతులు పట్టుకుని నవ్వేశాను. నవ్వుతుంటే, పద్దెనిమిదేళ్లుగా రాని కన్నీళ్లు ధారగా వచ్చేశాయి. ఆపుదామంటే ఆగవు. సందంతా పడీపడీ నవ్వుతోంది. ఫోన్లు పైకి లేచాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

సూరయ్య మాత్రం నవ్వలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు.

“మీ అత్త మా ఇంటికి రెండుపాలులు వచ్చినాది తల్లీ. మా అన్న పోనపుడోపాలి, మా ఇంటిది పోనపుడోపాలి. మీ ఇంటోలు సావుకే వత్తారు. నాను బతికున్నానని సంబరపడినోలు మీ ఇంట్లో నువ్వొక్కద్దానివే.”

ఆ మాట మనసులో దిగబడిపోయింది. పక్కింటికి వెళ్లి, పోయినాయన భార్య అసిరమ్మ పక్కన గంటసేపు ఊరికే కూర్చున్నాను. శోకం పెట్టడానికి నోరు రాలేదు.

ఇంటికి నాకంటే ముందే వీడియో వచ్చేసింది. అనిత నవ్వీ నవ్వీ కళ్లు ఒత్తుకుంటోంది. అత్తగారు ఫోను బల్ల మీద బోర్లించింది.

“పరువు సముద్రంలో కలిపీసినావు. రేపట్నించి అనిత ఎల్తాది.”

మా ఆయన గోడకేసి చూశాడు.

“ఇంతకీ ఆ ముసలోడేటన్నాడు?” అంది అత్తగారు. వీడియోలో జనం నవ్వుల మధ్య ఆయన మాట వినపడలేదట.

నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట మింగకుండా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

“ఆల్ల ఇంటిదాని పేరు దేవి,” అంది అత్తగారు. “దాని మీద పడి గంట ఏడిసినాను. బతికుండగా దాని మొకం ఎలాగుండీదో నాకు తెల్దు.” ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అంత కోపంలోనూ నాకు జాలేసింది.

పొద్దున్నే నన్ను కారెక్కించి, కర్ర పట్టుకుని వచ్చి తనూ నా పక్కన కూర్చుంది. సూరయ్య ఇంటికి పోనిమ్మంది. లక్ష్ముడు కంగారుగా వెనక్కి తిరిగాడు.

“అయ్యో, పోనాడేటి పెద్దమ్మగారూ?”

“నోర్ముయ్యి. బతికే ఉన్నాడు.”

ఇంతలో అనిత చేతిరుమాలుతో సహా పరుగెత్తుకొచ్చింది. “నేనూ రానా అత్తా?”

“నువ్వెందుకే? నీకు ఏడవడం ఒక్కటే వచ్చు,” అని అత్తగారు కారు తలుపు వేసేసింది.