నెలాఖరు కోటా

వీరరాఘవులు అంకుల్‌కి నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. చెప్పిన నిజాన్ని ఆయనే బడ్జెట్ సెక్షన్ ఫైల్లో పెట్టి చదువుకున్నారు. దానికి నేనేం చేసేది?

ఢిల్లీ ద్వారకలో మా తెలుగు సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఉద్యోగం ఒక మంత్రిత్వ శాఖలో. చేరిన నాటి నుంచి ఆయన పని ఒక్కటే, శాఖకి ఇచ్చిన నిధులు మార్చి నెలాఖరులోగా ఖర్చయ్యేలా చూడటం. మిగిలితే లాప్సయి వెనక్కి పోతాయి, పైగా వచ్చే ఏడు కోత పెడతారు. ఈ భయం ఆయన ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, పెళ్లి విందుల్లో ఐస్‌క్రీమ్ కూపన్ మిగిలిపోతే ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు.

2007లో సంఘానికి వెబ్‌సైట్ పెట్టాలనుకున్నారు. నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న పాపానికి అది నా నెత్తిన పడింది. సర్వర్లో ఎంత స్థలం కొనాలి, నెలకి ఎంత డేటా పోతుంది అన్న అంచనా కూడా నాదే. ఫోటోలు కుదించేశాను. బరువైనవల్లా అంకుల్ భార్య అన్నపూర్ణేశ్వరి ఆంటీ సైట్ కోసం పాడి ఇచ్చిన ఐదు పాటలు. అన్నీ కలిపి ఇరవై ఎంబీ. స్థలానికి వంద ఎంబీ చాలనుకున్నాం. ఇక ట్రాన్స్‌ఫర్ అంటే ఏమిటని కమిటీ అడిగితే, వండిన గిన్నె సైజు వేరు, ఎన్ని విస్తళ్లలో వడ్డించామన్నది వేరు అని చెప్పాను. ఆ స్థలం ఇచ్చే హోస్టింగ్ కంపెనీవాళ్లు నెలకి ఒక జీబీ వడ్డించనిస్తారు. ఐదు పాటలూ యాభై ఇళ్లవాళ్లు దింపుకుంటే అది అయిపోతుంది. మన సంఘంలో అంత ఓపిక ఎవరికుందిలే అని ధీమాగా ఉన్నాను.

ఆ పాటల వెనక ఆంటీ ఆశ ఒకటి ఉంది. పెళ్లయి ఢిల్లీ వచ్చాక ఆవిడ పాడటం మానేశారు. వద్దన్నవాళ్లెవరూ లేరు, పాడమన్నవాళ్లూ లేరు. కాకినాడలో వాళ్లక్క ఛాయాదేవి గారు మాత్రం మా చెల్లి పాడితే వినాలి అని మహిళా సమాజంలో చెప్పీ చెప్పీ నవ్వులపాలైపోయారట. అందుకని ఛాయాదేవి గారు తన పుట్టినరోజున, సెప్టెంబర్ ముప్పై ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ఆ సమాజం స్నేహితురాళ్లందరినీ కాకినాడలో ఒక నెట్ సెంటర్‌కి పిలిచారు. ఆంటీ నన్ను రోజూ ఫోన్లో అడిగేది ఒకటే, ఆ వేళకి పాట వస్తుంది కదా అని.

నెల మూడో వారం కమిటీ మీటింగులో గొప్పగా చెప్పాను, కోటాలో ఐదో వంతు కూడా ఖర్చు కాలేదని. అంకుల్ మొహం వాడిపోయింది. మిగిలింది వచ్చే నెలకి కలుస్తుందా అని అడిగారు. కలవదన్నాను. ఆయన డైరీ తీసి ఏదో రాసుకున్నారు. నేను పట్టించుకోలేదు.

ఆ ఆదివారం నేనుండే వైశాలి నుంచి ఆటోలో వచ్చి, ఇంద్రప్రస్థలో మెట్రో పట్టుకుని, మిఠాయి డబ్బాతో అంకుల్ వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ పట్టుచీర కట్టుకుని ఫోన్ పక్కనే కూర్చున్నారు. నాలుగు దాటగానే ఫోన్ మోగింది. పేజీ రావడం లేదని, ఇంగ్లీషులో ఏదో పరిమితి దాటిందని రాసి ఉందని ఛాయాదేవి గారు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వడం నాక్కూడా వినిపించింది. ఆంటీ ఫోన్ కట్ చేయకుండానే రిసీవర్ బల్ల మీద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

అంకుల్ మాత్రం వెలిగిపోతూ లోపల్నుంచి వచ్చారు.

"నూటికి నూరు శాతం వాడకం, సునందా. నిన్న సంఘంలో ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ఐదు పాటలూ దింపించాను. ఆఫీసులో నేనే మూడుసార్లు దింపాను. ఒక్క ఎంబీ లాప్స్ కానివ్వలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆంటీ వాళ్లక్క కోసం ఆ ఒక్క ఎంబీ అయినా ఉంచాల్సింది అంకుల్ అని అననే అన్నాను. ఆయన తెల్లబోయి, సప్లిమెంటరీ గ్రాంట్‌లా అదనపు కోటా ఏమైనా దొరుకుతుందా అని అడిగారు. కంపెనీకి ఇవాళ సెలవు, రేపు కొత్త నెల కోటా వచ్చేదాకా దారి లేదన్నాను.

అప్పుడు ఆంటీ తలెత్తి మెల్లగా అడిగారు. "మూడుసార్లు దింపారుగా. ఎలా ఉన్నాయండీ పాటలు?"

అంకుల్ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

"ఆఫీసు కంప్యూటర్లకి స్పీకర్లు ఉండవు, అన్నపూర్ణా."

పాటలు దింపిన ఆ ఇళ్లలోనైనా ఎవరైనా విన్నారో లేదో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆంటీ లేచి వంటింట్లోకి వెళ్లబోతుంటే అంకుల్ బల్ల మీది రిసీవర్ అందుకున్నారు. వదినగారూ, మీ సెల్లులో స్పీకర్ పెట్టండి, ఒక్క నిమిషం అన్నారు. ఆవిడ్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చుని, రిసీవర్ ఆవిడ నోటి దగ్గర పట్టుకున్నారు. అంత పెద్ద ఆఫీసరు అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఆంటీ పాడారు. మొదట్లో మెల్లగా, తర్వాత గొంతు విప్పి. పాట అయ్యాక కాకినాడ నుంచి చప్పట్లు. అంకుల్‌కి చెయ్యి లాగేస్తున్నట్టుంది, అయినా దించలేదు.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగారు.

"చాలా ఉన్నాయండీ. పెళ్లయిన దగ్గర్నుంచీ మిగిలిపోయినవే," అన్నారు ఆంటీ. "ఒక్కటీ లాప్స్ కాలేదు."

అంకుల్ రిసీవర్ రెండో చేతికి మార్చుకుని పట్టుకున్నారు.