తేదీ లేని పదకొండు కాగితాలు

పాస్తా పిండి రేకును చుట్టగా చుట్టి సన్నగా కోస్తున్నాను. పక్కన అమ్మ పొడుగాటి కర్రతో రెండో రేకు ఒత్తుతోంది. కోసిన చుట్టల్ని వేళ్లతో విదిలించి, పోగులు అంటుకోకుండా గుడ్డ మీద ఆరబెట్టడం మా అక్క నజ్జరేన పని. ఆ ఆదివారం ఆ పని ఎడమచేత్తో చేస్తోంది. కుడిచేతి మణికట్టుకు పట్టీ కట్టుకుని, ఆ చేతిని ఒళ్లో పడుకోబెట్టింది.

అక్క పద్నాలుగేళ్లుగా మామయ్య కార్ఖానాలో బూట్ల పైతోలు కుడుతోంది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆమె వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. మణికట్టు దగ్గర కోసి నరానికి చోటివ్వాలనీ, ఆ తర్వాత రెండు నెలలు మిషను ముట్టుకోకూడదనీ ఆసుపత్రిలో చెప్పారు. డాక్టరు రాసిచ్చిన కాగితం బీరువాలో దుప్పట్ల కింద ఉంది. మామయ్య ప్రతి ఆదివారం మా ఇంట్లోనే భోంచేస్తాడు. భోజనం అయ్యాక ఆయనకు సంగతి చెప్పాలని అక్క అనుకుంది.

చెప్పకుండా నేను ఆపాలి. ఎందుకు ఆపుతున్నానో చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి. శుక్రవారం సాయంత్రం బస్సు దిగినప్పటి నుంచి ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది.

నేను మచెరాతా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతున్నాను. ఈసారి పనివాళ్ల చట్టం ఉంది. సంఘాలూ సమ్మెలూ కాదు, ఒక మనిషి ఇంకో మనిషి దగ్గర పనికి చేరేటప్పుడు రాసుకునే ఒప్పందం గురించి. గురువారం ప్రొఫెసర్ బ్రాకాలెంతి పుస్తకం మూసి, మన చుట్టుపక్కల ఒక అలవాటు ఉంది, అది ఏ పుస్తకంలోనూ ఉండదు అంది. పనికి చేరే రోజునే రాజీనామా మీద కూడా సంతకం చేయిస్తారట. తేదీ మాత్రం వేయరు. ఆ కాగితం యజమాని సొరుగులో పడి ఉంటుంది. పనిచేసే ఆడమనిషికి కడుపు పండినా, జబ్బు చేసినా, ఎదురు మాట్లాడినా ఆరోజు తేదీ పడుతుంది. అప్పుడు ఎవరూ ఎవరినీ తీసేసినట్టు కాదు, ఆమే మానుకున్నట్టు.

అలాంటి కాగితం ఒకటి పైకి చదివింది. "కింద సంతకం చేసిన నేను, నా సొంత కారణాల వల్ల, ఎవరి బలవంతమూ లేకుండా..."

ఆమె ఆ వాక్యం సగం చదివేసరికి మిగతా సగం నాకు వచ్చేసింది. నేను దాన్ని పదకొండుసార్లు రాశాను.

నాకప్పుడు పదిహేడేళ్లు. మామయ్య పాత కంపెనీ మూసేసి కొత్త పేరుతో ఇంకోటి తెరిచాడు. కట్టడం అదే, మిషన్లు అవే, ఆడవాళ్లు వాళ్లే. తలుపు మీద పేరుపలక ఒక్కటే మారింది. మా వైపు కార్ఖానాలవాళ్లు ఐదారేళ్లకోసారి అలా చేస్తూనే ఉంటారు. మళ్లీ అందరినీ కొత్తగా చేర్చుకోవాలి కాబట్టి కాగితాలన్నీ కొత్తవి కావాలి. మామయ్య నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, "నా రాత కోడి గెలికినట్టు ఉంటుందే. నీది ముత్యాల వరస. ఇది చూసి పదకొండు రాసిపెట్టు," అన్నాడు. తేదీ ఏం వేయాలని అడిగాను. అది గుమస్తా చూసుకుంటాడన్నాడు. మా ఊరి బడిలో చేతిరాతకు నాకే మొదటి మార్కు. పెన్సిలుతో సన్నని గీతలు గీసుకుని, రాసి, గీతలు చెరిపేశాను. తొమ్మిదోది అక్కది. అక్క పేరు కదా అని మొదటి అక్షరం ఇంకాస్త వంపుగా తిప్పాను. రాసింది రాజీనామా అని నాకు తెలియక కాదు. పాత కంపెనీకి అనుకున్నాను. అంతకంటే ఎక్కువ అనుకోలేదు.

మర్నాడు మామయ్య మిషను మిషను దగ్గరికీ వెళ్లి సంతకాలు పెట్టించుకున్నాడు. పై సగం వెనక్కి మడిచి, సంతకం పెట్టే చోటు మాత్రం చూపించాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

అలాంటిది మీలో ఎవరైనా కళ్లారా చూశారా అని ప్రొఫెసర్ అడిగింది. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. నా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత ఆమె చెప్పింది ఒక్క మాట కూడా నా నోటుపుస్తకంలో లేదు.

"అక్కా, కొత్త కంపెనీ పెట్టినప్పుడు ఎన్ని కాగితాల మీద సంతకం పెట్టావు?" అని చివరికి అడిగాను.

"ఏడో, ఎనిమిదో. మిషను ఆగితే మామయ్య మొహం మాడిపోతుంది. చదువుతూ కూర్చుంటానా?"

డాక్టరు కాగితం ముందు పోస్టులో పంపు, ఏ రోజు చేరిందో రసీదు చేతికొచ్చాక నోటితో చెప్పు అన్నాను. అక్క పిండి చేత్తోనే మూతి కప్పుకుని నవ్వింది.

"అమ్మా, విన్నావా నీ లాయరమ్మ మాట? గోడకి అవతలున్న మామయ్యకి రిజిస్టరు ఉత్తరం వెయ్యాలట."

"పోస్టుమాను వీధంతా చెప్పుకుని నవ్వుతాడే," అంది అమ్మ.

వాళ్లు నవ్వితే నేనూ నవ్వాను. చెప్పాల్సిన క్షణం అదే. అది దాటిపోయింది.

మామయ్య ఒంటిగంటకు వచ్చాడు. కోటు తలుపు వెనక కొక్కేనికి తగిలించి, నాన్న పోయినప్పటి నుంచి కూర్చుంటున్న కుర్చీలో కూర్చుని, రెండు పళ్లేలు తిన్నాడు. పిండి ఎవరు కోశారని అడిగి, నేనని తెలిశాక, చదువుకున్నా చెయ్యి పాడవలేదని మెచ్చుకున్నాడు. అమ్మ పళ్లేలు తీస్తుంటే అక్క సంగతి చెప్పింది. చేయి బల్ల మీద పెట్టి పట్టీ విప్పి చూపించింది.

మామయ్య ఆ చేతిని రెండు చేతులతో తీసుకున్నాడు. బొటనవేలి కింద మెల్లగా నొక్కి, ఇక్కడేనా అని అడిగాడు. తన తల్లికీ ఇలాగే అయిందన్నాడు. ఆయన కళ్లు నిజంగా తడిశాయి. సొంత మామయ్యని ఎంతమాట అనుకున్నానని సిగ్గుపడ్డాను.

ఆయన లేచి కోటు దగ్గరికి వెళ్లాడు. లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు.

"మందుల షాపు పిల్ల మొన్ననే చెప్పిందిలే, పట్టీ కొన్నావని," అన్నాడు. నా పళ్లెం పక్కకి జరిపి, కాగితం విప్పి, దాని మీద పెన్ను పెట్టాడు. "ఇదిగో చదువులమ్మా. పదిహేను రోజుల కిందటి తేదీ వెయ్యి. నీ అక్షరాల పక్కన నావి పెడితే గుడ్డివాడైనా పట్టేస్తాడు."

నేను ఆ కాగితాన్ని మూడేళ్ల తర్వాత చూస్తున్నాను. చాలా అందంగా ఉంది.

"ఏంటది?" అంది అక్క.

"నువ్వు సంతకం పెట్టిందే. మీ చెల్లెలు రాసిందే. మానేసినట్టు కాగితంలో ఉంటుంది, అంతే. చెయ్యి బాగయ్యాక వద్దువుగాని, మిషను ఎక్కడికి పోతుంది? రెండు నెలలు నీ చోటు అట్టేపెట్టి ఇంకోమనిషిని పెట్టుకుంటే నేను మునుగుతానమ్మా."

అమ్మ చేతిలో పళ్లేలు చప్పుడు చేయడం ఆగింది. "అన్నయ్యా, అది నా కూతురు."

"నా మేనకోడలు కాదా?" అన్నాడు మామయ్య. నిజంగానే నొచ్చుకున్నట్టు అన్నాడు.

నేను పెన్ను తీసుకున్నాను. రాసేస్తాననే అమ్మ అనుకుంది. రాశాను. 2003 ఆగస్టు 27. అంకెలు వంకర పోలేదు.

మామయ్య కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. "ఇదేం తేదీ?"

"నేను రాసిన రోజు మామయ్యా. వాళ్లు నీ దగ్గర కొత్తగా చేరడానికి ఒకరోజు ముందు. ఆరోజే మానేసిన మనిషి మూడేళ్లుగా నీ మిషను మీద ఏం చేస్తోందని అడుగుతారు. మిగతా పదీ కూడా ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, అడిగినవాళ్లకి చెప్తాను."

మామయ్య అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కాగితం బల్ల మీద పెట్టి, అరచేత్తో దాని మడతలు సాపు చేశాడు.

"మచెరాతాలో నీకు గది ఎవరు వెతికిపెట్టారే?" అని మెల్లగా అడిగాడు.

పెన్నుకు మూత పెట్టి ఆయన వైపు జరిపాను.

అక్క ఎడమచెయ్యి చాపి ఆయన అరచేతి కిందనుంచి కాగితం లాక్కుంది. తేదీ వైపు చూడలేదు. పైనుంచి మొదలుపెట్టి, వేలు పెట్టి, ఒక్కొక్క వరసా చదివింది. వేలు తన పేరు దగ్గర ఆగింది. చిన్నప్పుడు ఆ పేరు నాకు రాయడం నేర్పింది అక్కే.

"అక్కా, నాకప్పుడు తెలీదు," అన్నాను. "గురువారం తెలిసింది. మొన్నట్నించీ చెబుదామనే..."

ఆమె నా మొహంలోకి చూసింది. మామయ్యని అలా చూడలేదు. కాగితం నా ముందు పెట్టి లేచింది. తలుపు వెనక కొక్కేనికున్న తన కోటు ఎడమచేత్తో తీసి, కుడిచెయ్యి దూర్చబోయింది. చెయ్యి వంగలేదు. అమ్మ సాయానికి వెళ్లబోతే పక్కకి తప్పుకుంది. కోటు ఒక భుజం మీద వేలాడుతుండగా తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయింది.