ఐస్‌లాండులో అల్లం చట్నీ

గుణదలలోని తమ అపార్టుమెంటు డాబా మీద నీళ్ళట్యాంకుకి అడ్డంగా, కొట్లోంచి తెప్పించిన తెల్లగుడ్డ కట్టించి, దాని మీద ప్రొజెక్టరుతో ఐస్‌లాండు దేశాన్ని ఆరేశాడు మార్కండేయులు. వన్‌టౌన్‌లో బట్టల హోల్‌సేలు వ్యాపారం ఆయనది. భార్య సుబ్బరత్నంతో టూరు వెళ్ళొచ్చి వారమైనా కాలేదు. తను చూసింది పదిమందికీ చూపించకపోతే డబ్బు గిట్టుబాటు కానట్టే ఆ మనిషికి.

ముందు వరసలో కూర్చున్న శేషగిరిరావు జువాలజీ లెక్చరరుగా రిటైరైనవాడు. ఆయన డాబా ఎక్కింది ఒక్క పక్షి కోసం.

నిజానికి ఆ టూరుకి మొదట పేర్లిచ్చుకున్నది ఆయనా, భార్య కనకవల్లీ. ఆవిడ పోయాక ఆయన మానుకున్నాడు. ఆ దేశపు సముద్రపు కొండల్లో పఫిన్ అని ఎర్రముక్కు పక్షి ఉంటుంది. చలికాలమంతా ఆలుమగలు చెరో దిక్కున నీళ్ళ మీద తిరిగి, వేసవి రాగానే పాత బొరియ దగ్గరే మళ్ళీ కలుసుకుంటాయి. ఆ సంగతి ఆయన చెప్పినప్పుడు, "అయితే సగం ఏడాది పోట్లాట ఉండదన్నమాట! ఆ జంటని చూసి తీరాలండీ," అంది కనకవల్లి. ఎల్లుండి ఆవిడ సంవత్సరీకం. ఫోటో పక్కన ఆ పక్షి బొమ్మ కూడా పెట్టాలని ఆయన కోరిక. అందుకే బయల్దేరేముందు మార్కండేయుల్ని అడిగాడు. "చెల్లెమ్మగారి కోసం ఆ మాత్రం తేలేనా మాస్టారూ!" అని చేతిలో చెయ్యేశాడు మార్కండేయులు.

గుడ్డ మీదికి ముందు విమానంలో పెట్టిన భోజనం వచ్చింది. తర్వాత హోటలు బాత్రూము. ఆ తర్వాత మంచునది, దాని ముందు మార్కండేయులు.

"ఈపాటి ఐసు కంకిపాడు ఐసుఫ్యాక్టరీలో లేదూ?" అన్నాడు.

భూమిలోంచి తాటిచెట్టంత ఎత్తు వేడినీళ్ళు లేచాయి. "ఈ పొగ కోసం అంతదూరం పోవాలా? ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ దగ్గర నిలబడితే సరిపోదూ!" అంది సుబ్బరత్నం. అందరూ నవ్వారు.

నల్లరాతి మైదానాలు బొగ్గుకుప్పలయ్యాయి. రెయిన్‌డీరు మందని చూపించి, "కొమ్ములున్నాయి, అన్నీ మగవే," అని తేల్చేశాడు మార్కండేయులు. ఆ జాతిలో ఆడవాటికీ కొమ్ములుంటాయని చెప్పబోయి, శేషగిరిరావు ఊరుకున్నాడు. కళ్ళున్నవాడికి చెప్పొచ్చు. ఈ మనిషి కళ్ళని ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేసి మరీ వెళ్ళాడు.

"మరి పఫిన్?" అని అడిగాడు చివరికి.

"అదా మాస్టారూ..." మార్కండేయులు తల గోక్కున్నాడు. "ఆ కొండ దగ్గరికి పడవ ఉంది. సరిగ్గా అప్పుడే టూరువాళ్ళు మా వెంట పంపిన వంటమాస్టరు పెసరట్టు మొదలెట్టాడు. ఇన్నాళ్ళూ బ్రెడ్డు తిన్న నోళ్ళాయె! పక్షులెక్కడికి పోతాయి, అట్టు చల్లారిపోతుంది గానీ, అన్నాను. బస్సు బస్సంతా ఆగిపోయాం."

శేషగిరిరావు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. వెనక కూర్చున్న రిటైర్డ్ నర్సు శౌరమ్మ మెల్లగా అంది. "నెట్‌లో బోలెడుంటాయి గదా మాస్టారూ?"

"అవి ఎవరో చూసినవమ్మా. మన మనిషొకడు చూసొచ్చి, ఉన్నాయండీ అని చెబితే బాగుండేది."

ఈలోగా తెల్లగుడ్డ మీద పెసరట్టు వీడియో మొదలైంది. గడ్డి గట్టు ముందు నిలబడి, అట్టుముక్క అల్లం చట్నీలో ముంచి, నోరంతా తెరిచి కెమెరాకి చూపిస్తున్నాడు మార్కండేయులు. ఆయన చెవి పక్కన ఏదో గబుక్కున వాలింది.

"ఆపండి! వెనక్కి తిప్పండి!"

"చట్నీ దగ్గరికా మాస్టారూ?"

"మీ చెవి దగ్గరికి!"

తిప్పారు. ఎర్రముక్కు నిండా చిన్నచేపలు కరుచుకుని ఒక పక్షి గట్టు మీద దిగింది. బొరియలోంచి ఇంకొక ఎర్రముక్కు బయటికొచ్చింది. రెండూ ముక్కులు టకటకా తాటించుకుని లోపలికి పోయాయి. మార్కండేయులు ఇంకా నములుతూనే ఉన్నాడు.

"ఓరి నాయనో, ఇది నా వెనకాలే ఉందా!" అన్నాడు అసలు మార్కండేయులు.

ఆ దేశమంతా నీ వెనకాలే ఉందయ్యా అనుకున్నాడు శేషగిరిరావు. పైకి మాత్రం, "అది నా ఫోనుకి పంపండి," అన్నాడు. లేచి నిలబడి తన ఫోను ముందుకి చాపాడు. సుబ్బరత్నం అది చూసినట్టుంది. మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుని తనే పంపింది.

మెట్లు దిగుతుంటే శౌరమ్మ అడిగింది. "వీడియోలోంచి బొమ్మ తీసి, మార్కండేయులుగారి మొహం కత్తిరించేయమంటారా మాస్టారూ? మా మనవరాలికి తెలుసు."

ఆయన మెట్టు మీద ఆగి ఆలోచించాడు. సంవత్సరీకం నాడు, కనకవల్లి ఫోటో ఎదుట, ఆ నోరు, ఆ చట్నీ! ఆవిడైతే పడీపడీ నవ్వేది.

"ఉండనీ అమ్మా. చూడకపోయినా సాక్షి ఆయనే."