బొమ్మకు తోలు కోటు

"ఆ తోలు ముందు అవతల పారెయ్యవే, ఆఫీసరు గారొచ్చే వేళయింది," అంటూ మా అత్తయ్య మాణిక్యమ్మ సాంబ్రాణి పొగతో ఇల్లంతా తిరిగింది. నేను బొమ్మ కోటు అంచుకు మల్లెమొగ్గలు దిద్దుతున్నాను. జానెడు బొమ్మకు బెత్తెడు కోటు. మేక తోలును పలచగా గీకి, రంగులద్ది, తోలు కుట్టే ఆరెతో సన్నగా చిల్లులు పొడిచి, ఆ తర్వాతే కుట్టాలి. తోలుకు పడ్డ చిల్లు మళ్ళీ పూడదు. గుడ్డ కుట్టేవాళ్ళకున్న ఊరట మాకు లేదు.

మా ఆయన సొలొమోను రోజూ మెరుగు పెట్టుకునే బూట్లంటే అత్తయ్యకు అభ్యంతరం లేదు. నా ఒళ్ళోని ముక్కతోనే పరువు పోతుంది. మా తాత, ఈయన తాత చల్లపల్లిలో పక్కపక్కన కూచుని చెప్పులు కుట్టారు. బెజవాడలో గుమస్తా అయ్యాక ఈయనకు తాతా లేడు, ఊరూ లేదు. సొంతూరేదని ఎవరన్నా అడిగితే "గన్నవరం దగ్గరండీ" అంటాడు. ఎంత దగ్గరో ఆయనకే తెలియాలి. ఎమర్జెన్సీ పుణ్యమా అని వేళకు ఆఫీసుకు పోవడం నేర్చాడు, అంతకు మించి మారిందేమీ లేదు. వంట, బట్టలు, అత్తయ్య కాళ్ళకు మందు అన్నీ అయ్యాక మిగిలిన కాస్త పొద్దులో నేను చేసుకునే పనికి ఆయన పెట్టిన పేరు "నీ పిచ్చి".

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసరు వెంకటకృష్ణారావు గారితో వాళ్ళ అక్కగారు శివపార్వతి గారు వచ్చారు. హైదరాబాదు ప్రదర్శనకు చేతిపనులు ఏరేది ఆవిడే. రకరకాల బొమ్మలు కూడబెట్టే విదేశీయులు అక్కడికి వస్తారట. మిషను ఆసుపత్రి దొరసాని బొమ్మకు నేను కుట్టిన కోటు చూసి ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నా పని నా పేరుతో గడప దాటడానికి నాకు దొరికిన దారి అదొక్కటే.

ఆవిడ కోటును వెలుతురుకు పట్టి, "అసలు తోలేనా అండీ?" అంది.

"అబ్బే, తోలెక్కడిదండీ! రెగ్జిను," అన్నాడు మా ఆయన, నేను నోరు తెరిచేలోగా. "మా ఇళ్ళల్లో తోలు ముట్టరండీ."

అత్తయ్య తలూపింది.

"అయ్యో, రెగ్జినయితే అక్కడ తీసుకోరండీ," అని ఆవిడ కోటు బల్లమీద పెట్టేసింది. మా ఆయన ముఖంలో పెద్ద గండం గడిచినంత వెలుగు. నాకు ఏడుపు రాలేదు, రోత పుట్టింది. ఇన్నేళ్ళూ ఈ మనిషికా భయపడ్డానని నామీద నాకే జాలేసింది.

"తోలేనండీ," అన్నాను. "మేకతోలు. మా నాన్న నేర్పాడు. మా తాత, ఈయన తాత చల్లపల్లిలో కలిసి చెప్పులు కుట్టేవాళ్ళు."

ఆఫీసరు గారు కాఫీ గ్లాసులోకి చూస్తూ కూచున్నారు. శివపార్వతి గారు కోటు మళ్ళీ చేతిలోకి తీసుకుని, "పేరేమని రాయమంటారు?" అంది.

"మార్తా, లోపలికి పో," అన్నాడు మా ఆయన పళ్ళు నూరుతూ.

"మార్త అని రాయండి," అన్నాను కదలకుండా. "ఇంటిపేరు మా నాన్నది వెయ్యండి. ఈయనది రెగ్జినుకు ఉండనివ్వండి."