రుద్దినవాళ్ల పేర్లు

చైనా వెళ్లొచ్చిన అంకమ్మను నరసరావుపేటలో అందరూ అడిగింది ఒకటే. అక్కడ ఏం వండావు?

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి అడిగింది. పూలమ్మే మనిషి బుట్ట దించుకుంటూ అడిగింది. అత్తగారైతే అడిగి ఊరుకోలేదు. "గోంగూర పచ్చడి డబ్బా విమానంలో కారలేదు గదా? మూత నేను చెప్పినట్టే కట్టావా?" అని ఆరా తీసింది. అక్కడ ఏం చూశావని మాత్రం ఒక్కరి నోట రాలేదు. వాళ్లననీ లాభం లేదు. అంకమ్మను తీసుకెళ్లిందే వండిపెట్టడానికి.

ఆమె భర్త త్రికోటేశ్వరరావుది మిర్చి వ్యాపారం. సరుకు కొనేవాళ్లను నేరుగా కలుద్దామని ఆయన, గోపాలకృష్ణయ్య, అలీ సాహెబ్ కలిసి పోయినేడు గ్వాంగ్‌జౌ వెళ్లారు. అక్కడి తిండి గొంతు దిగక ఆరు రోజులు బ్రెడ్డు, అరటిపండ్లతో గడిపి, ముఖాలు పీక్కుపోయి తిరిగొచ్చారు. ఈసారి హోటలు మానేసి ఓ ఫ్లాటు అద్దెకు మాట్లాడుకున్నారు. "వంట సంగతి నాకొదిలెయ్యండి, మా ఆవిడను తీసుకొస్తా" అని మిగతా ఇద్దరికీ మాటిచ్చాడు త్రికోటేశ్వరరావు. ఊళ్లోవాళ్లతో మాత్రం "మా ఆవిడకి చైనా చూపిస్తున్నా" అన్నాడు. మాటిచ్చాకైనా ఆవిడకు చెప్పాలి కదా, ఆ మర్యాద మాత్రం ఆయన పాటించాడు.

అంకమ్మ పది కిలోల బియ్యం, కందిపొడి, పచ్చళ్లు, కుక్కరు, తిరగమాత గింజలు సర్దుకుని విమానం ఎక్కింది. అక్కడ దిగాక విమానాశ్రయంలో వేలిముద్రలు తీసుకునే మెషిను ఉంది. త్రికోటేశ్వరరావు ముద్ర రెండు మూడుసార్లు పెడితే గానీ పడలేదు. ఆమె పది వేళ్లూ మొదటిసారే పడ్డాయి. లైటు పచ్చగా వెలిగింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. ఎందుకో చెబితే ఆయన నవ్వుతాడని చెప్పలేదు.

ఎందుకంటే, ఆమె పుట్టింది దుర్గిలో, రాళ్లు చెక్కే ఇంట్లో. నాన్న బసవపున్నయ్య ఉలి పడితే రాయి మెత్తబడేది. ఆయన చెక్కిన విగ్రహాన్ని గరుకు కాగితంతో, నీళ్లతో రోజుల తరబడి రుద్ది నునుపు తేల్చేది అమ్మ. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అమ్మ పక్కన అంకమ్మ. రుద్దీ రుద్దీ అమ్మ వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో ఆమె ముద్ర ఎప్పుడూ పడేది కాదు. "నీకసలు వేళ్లున్నాయా అమ్మా?" అని డీలరు వేళాకోళం చేసేవాడు. పెళ్లయ్యే నాటికి అంకమ్మ వేళ్లూ అంతే. ఇరవై నాలుగేళ్లలో గీతలన్నీ మళ్లీ మొలిచాయి. రాయి తన చేతుల్లోంచి పూర్తిగా వెళ్లిపోయిందని ఆమెకు పరాయి దేశంలో ఓ మెషిను చెప్పింది.

రుద్దడం మీద ఆమెకు ఎప్పుడూ మోజు లేదు. ఆమె కోరుకున్నది ఉలి. తమ్ముడు కేశవులుకి ఏడో ఏట నాన్న ఉలి చేతికిచ్చాడు. వాడు వేలు కొట్టుకుని ఏడ్చేవాడు. పక్కనే కూర్చుని రుద్దుతున్న అంకమ్మకు దెబ్బ చప్పుడు వింటేనే తెలిసిపోయేది, వాడు ఉలిని మరీ నిటారుగా పట్టాడని. ఒకరోజు ఉండబట్టలేక తనకూ ఉలి ఇమ్మని అడిగింది. నాన్న కోప్పడలేదు, ముద్దుగానే అన్నాడు. "ఉలి పట్టిన చెయ్యి కాయలు కాస్తదే తల్లీ. ఆ చేతిని ఎవడు పట్టుకుంటాడు? నువ్వు రుద్దు, అదీ పనేగా." కానీ ఎవరైనా వచ్చి పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, ఆయనే "పనంతా అయిపోయిందయ్యా, ఊరికే రుద్దటమే ఉంది" అనేవాడు. ఆ ఊరికే అనే మాటలోనే అమ్మ జీవితం గడిచిపోయింది.

గ్వాంగ్‌జౌలో అయిదు రోజులూ ఆమె చూసింది ఫ్లాటు వంటగదీ, కిటికీలోంచి ఎదురు ఫ్లాటు వంటగదీ. ఆఖరిరోజు మగవాళ్లు బజారుకు బయల్దేరుతుంటే అలీ సాహెబ్ అన్నాడు. "చెల్లెమ్మను ఇంత దూరం తెచ్చి పొయ్యి కాడే కూర్చోబెట్టాం, ఎక్కడికన్నా పంపించండి కోటేశ్వరరావుగారూ." సరేనని త్రికోటేశ్వరరావు, తమకు అక్కడి మాటలు ఇంగ్లీషులోకి మార్చి చెప్పే లిన్ అనే అమ్మాయికి ఆమెను అప్పగించాడు. "ఏదన్నా గుడి చూపించి పన్నెండుకల్లా తీసుకురా. ఒంటిగంటకి మేం అన్నానికొస్తాం."

లిన్ ఆమెను గుడికి కాదు, ఒకే ఇంటిపేరు వాళ్లంతా కలిసి తమ పూర్వీకుల పూజ కోసం ఎప్పుడో కట్టుకున్న లోగిలికి తీసుకెళ్లింది.

ఎత్తయిన గడప దాటగానే ఆకాశం కనిపించింది. మన మండువా ఇళ్లలాగే నడిమధ్య ఖాళీ, నాలుగు వైపులా వసారాలు. అయితే అది ఒక్క మండువాతో ఆగలేదు. ఎదురుగా సావడి, సావడి వెనక ఇంకో మండువా, దాని వెనక మరో సావడి, పక్కలకు మళ్లితే అక్కడా అవే. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నడుస్తూ ఆమె దారి తప్పింది, తప్పినందుకు సంతోషపడింది. చెక్కని చోటంటూ లేదు. కప్పు అంచున బారులు తీరిన మట్టిబొమ్మలు, జాతరలో జనంలా. తలుపుల చెక్కల్లో కొమ్మలు, పిట్టలు, అటువైపు వెలుతురు ఇటు పడేలా. గోడలో ఇటుకల మీద కూడా చెక్కారు. ఇటుక ఎంత పెళుసో తెలిసిన మనిషి కాబట్టి అంకమ్మ ఆ గోడ ముందు చాలాసేపు ఊపిరి బిగబట్టి నిలబడింది.

మెట్ల పక్క రాతి పిట్టగోడ మీద పండ్ల గుత్తి ఉంది. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని ఆమె దాని అడుగున చెయ్యి పెట్టింది. పైన కనబడే వైపు ఎంత నునుపో, కంటికి ఆనని ఆ అడుగువైపూ అంతే నునుపు. అమ్మ నందికి చెవుల వెనక, గంగడోలు మడతల్లో అలాగే రుద్దేది. ఎవరు చూస్తారమ్మా అంటే, "చూడకపోతే మాత్రం, చెయ్యి తగలదా?" అనేది. అమ్మ పోయిన మూడేళ్లకు ఆ చెయ్యి తగిలిన చోటు ఇక్కడ దొరికింది.

ఇటుక గోడ మూల చిన్న అక్షరాలున్నాయి. ఏమిటవని వేలితో చూపిస్తే, లిన్ తన ఫోనులో మాట్లాడింది. ఫోను తెలుగులో చెప్పింది, చెక్కిన మేస్త్రీ పేరు, ఏడాది. ఇంకో గోడ మీద ఇంకో పేరు. అన్నీ మగవాళ్లవేనని లిన్ అడక్కుండానే చెప్పింది. అంకమ్మ ఫోను దగ్గరికి వంగి నెమ్మదిగా అడిగింది. "మరి రుద్దిన వాళ్లవి?"

లిన్‌కి ప్రశ్న అర్థం కాలేదు. అంకమ్మ అరచేత్తో గాల్లో రుద్ది చూపించింది. అప్పుడు ఆ పిల్ల వెళ్లి అక్కడ పనిచేసే పెద్దాయన్ని అడిగి వచ్చింది. రుద్దిన వాళ్ల గురించి ఎక్కడా రాసిలేదట. పూర్వం ఆడవాళ్లను పూజల రోజున ఈ లోపలికి రానిచ్చేవారు కూడా కాదట. ఫోను ఈ మాటలన్నీ ఏ భావమూ లేని గొంతుతో చెప్పింది.

అంకమ్మ గడప పక్కన కూర్చుండిపోయింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. వచ్చింది ఆకలి. చేతులకు ఆకలి. ఒక్క ఆకు, ఒక్క ఈనె, రాయిలోంచి తన దెబ్బకు పైకి లేవాలని ఎంత కోరికగా ఉందంటే, ఇన్నాళ్లూ ఇది ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియలేదు. పిల్లల చదువుల కింద, అత్తగారి మందుల కింద, రోజుకు నాలుగు పూటల కాఫీ టిఫిన్ల కింద అది చావకుండా బతికే ఉంది. ఆమె ఆ మండువాలో ఎండ ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి జరగడం చూస్తూ కూర్చుంది. లిన్ రెండుసార్లు వాచీ చూపించినా లేవలేదు.

ఫ్లాటుకు చేరేసరికి మూడయింది. గోపాలకృష్ణయ్య సోఫాలో అరటిపండు తింటున్నాడు. "రామ్మా రా. నిన్ను నమ్ముకుని వస్తే మళ్లీ అరటిపండే గతి అయింది" అన్నాడు. త్రికోటేశ్వరరావు పరాయివాళ్ల ముందు ఏమీ అనలేదు. అందరూ భోజనాలు చేసి నడుం వాల్చాక వంటగది గుమ్మంలోకి వచ్చి అన్నాడు. "ముగ్గురు మగోళ్లను కడుపు మాడ్చి, రాళ్లు చూసుకుంటా కూర్చున్నావా? దుర్గిలో లేని రాళ్లా ఏంది?"

ఇంటికొచ్చాక అదే ఆయనకు వచ్చిన వాళ్లందరికీ చెప్పే కథ అయింది. చెబుతూ నవ్వేవాడు, అందరూ నవ్వేవాళ్లు, అంకమ్మ వాళ్లకు కాఫీ ఇచ్చేది. దుర్గిలో లేని రాళ్లా అన్న మాట మాత్రం ఆమెను పట్టుకుంది. నిజమే, దుర్గిలో ఉన్నాయి. ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్నాయి. ఆ దూరం ఆమె ఇరవై నాలుగేళ్లుగా పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే వెళ్లింది.

పదిహేను రోజుల తర్వాత టిఫిను తింటూ ఆయన, "మాఘంలో మళ్లీ పోతున్నాం. నీ పాస్‌పోర్టు వీసాకిచ్చా" అన్నాడు.

"నేను రాను."

"రావా? మరి మేం ఏం తినాల?"

"నాకు తెలవదు" అంది అంకమ్మ. పెళ్లయ్యాక వంట గురించి ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు. ఆమె చేతిసంచి తీసుకుని, అత్తగారికి మందులు ఎక్కడున్నాయో చెప్పి, దుర్గి మీదుగా వెళ్లే మాచర్ల బస్సెక్కింది.

దుర్గిలో రోడ్డు పక్కనే కేశవులు షెడ్డు. ఇప్పుడు రాయి కోసేది మెషిన్లే అయినా, కళ్లూ ముక్కూ తీర్చేది ఉలే. మరదలు ఓ మూల కూర్చుని నంది విగ్రహాన్ని రుద్దుతోంది. అక్కను చూసి కేశవులు ముఖం విప్పారింది. "మంచి టైముకొచ్చావక్కా. ఇది ఎల్లుండికి ఇయ్యాల. పనంతా అయిపోయింది, ఊరికే రుద్దటమే ఉంది" అంటూ ప్రేమగా ఓ గరుకు కాగితం ముక్క చేతిలో పెట్టాడు. ఆమె చెయ్యి అలవాటుగా అందుకుంది. మరదలి పక్కన కూర్చుని కాసేపు రుద్దింది కూడా. మరదలి వేళ్ల కొసలు నున్నగా మెరుస్తున్నాయి. అంకమ్మ కాగితం కింద పెట్టింది.

"ఒరేయ్ కేశవులూ, నాకు ఉలి ఇవ్వరా."

వాడు నవ్వాడు. అక్క ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఈ వయసులో ఎందుకక్కా? చేతి మీద పడితే బావ నన్ను బతకనిస్తాడా?"

"ఇవ్వు."

వాడు వెతికి సన్న ఉలి ఒకటి, సుత్తి ఒకటి తెచ్చాడు. మూలనున్న కుప్పలోంచి పెచ్చు లేచిన రాతి ముక్కను కాలితో ఆమె ముందుకు నెట్టాడు. "దీని మీద కొట్టుకో. పారేసేదేలే, పాడైనా ఏం గాదు."

అంకమ్మ ఆ ముక్కను చూసింది. షెడ్డు అవతల గోడకు చేర్చి నిలబెట్టిన, ఇంకా ఎవరి చెయ్యీ పడని రాళ్లను చూసింది. ఆ ముక్కను అంతే నెమ్మదిగా కాలితో వెనక్కి నెట్టింది.

"పారేసేది నాకెందుకురా" అంది. "పాడైతే నువ్వు ఏడ్చే రాయి తీసుకురా."