ఎద్దు మునిగిన గుంట

కంటి ఆపరేషన్ అయ్యాక నన్ను నెల రోజులు చదవొద్దన్నారు. అందుకని మధ్యాహ్నాలు మనవరాలు భార్గవి నవల చదివి వినిపించేది. అందులో, పెద్ద కాలేజీలో అయిదుగురు డబ్బున్న పిల్లలు తోటివాడొకణ్ణి చంపేసి, ఏమీ ఎరగనట్టు పరీక్షలు రాస్తుంటారు. అయిదుగురిలో ఒక్కడికీ మంచినీళ్ళివ్వబుద్ధి కాదు. అయినా వినడం మానలేకపోయాను.

ఆ రోజు భార్గవి అన్న ప్రవీణ్ హాస్టల్ నుంచి చెప్పాపెట్టకుండా కారులో వచ్చాడు. సామాను దించుదామని డిక్కీ దగ్గరకు వెళ్ళిన చెల్లెల్ని కసిరి, వచ్చి గడప మీద కూర్చున్నాడు.

నవలలో వాళ్ళు శవాన్ని అడవిలో వదిలేశారు. నేను నవ్వాను. మా దాచేపల్లి పక్కన నీళ్ళు నిండిన పాత సున్నపురాయి గుంట ఉండగా అడవెందుకన్నాను. నా ఎద్దు బండితో సహా అందులో పడి, మూడేళ్ళకు నెమరేస్తూ పైకొచ్చిందని, కొమ్ములు మాత్రం సున్నం పట్టాయని చెప్పాను. భార్గవి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ప్రవీణ్ నవ్వలేదు.

"ఏ గుంట తాతా? లోతు చానా ఉంటదా?"

వినేవాడు దొరికిన సంబరంలో దారి కూడా చెప్పాను. సిమెంటు ఫ్యాక్టరీ వెనక, కంచె తెగిన చోట.

మర్నాడు పొద్దున కారు టైర్లకు తెల్లటి బురద. పైపు పట్టుకుని వాడే కడుగుతున్నాడు. తాగిన గ్లాసు కూడా కడిగే రకం కాదు వాడు.

మూడోనాడు పెదకూరపాడు నుంచి వాసంతి అనే ఆవిడ వచ్చింది. ప్రవీణ్ రూమ్మేటు సాయి కిరణ్ తల్లి. కొడుకు ఫోను కలవడం లేదట. వాడు ప్రవీణ్ కారులో ఎక్కాడని హాస్టల్లో చెప్పారట. నరసరావుపేట బస్టాండులో దింపేశానని ప్రవీణ్ తడుముకోకుండా అన్నాడు. నవలలో పిల్లలూ అచ్చం అలాగే చెప్పారు. భార్గవి పుస్తకం మూసేసింది.

మా ఇంటికి వాడొక్కడే మగపిల్లాడు. అయినా ఆవిడ వైపు తిరిగాను.

"పోలీసుల్ని తీసుకెళ్ళి ఫ్యాక్టరీ ఎనక పాత గుంట వెతికించమ్మా," అన్నాను.

ప్రవీణ్ నవ్వాడు. "మా తాత మాటలు నమ్మబాకండి ఆంటీ. మూడేళ్ళు మునిగిన ఎద్దుని ఆ గుంటలోంచే బతికించి లేపాడు."

ఆవిడ నా వైపు చూసింది. ఇన్నేళ్ళలో నేను చెప్పిన ఏ కథనీ వెనక్కి తీసుకున్నది లేదు.

"మాది కిరాణా కొట్టమ్మా. నాకసలు ఎద్దే లేదు. కారు టైర్లకి సున్నం బురద మాత్రం ఈ కళ్ళతోనే చూశా."